పరుపుబండ మీద నిప్పు

ఆ బండ నాది. ఈ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. మా అన్నతో అన్నాను. కులపెద్దల ముందు అన్నాను. కంచంలో జొన్న గటక పెడుతున్న నా భార్యతో అన్నాను. ఎవరూ అడగని రోజుల్లో కూడా చేను గట్టు మీద ఒక్కణ్నే నిలబడి అనుకున్నాను. రాయడానికి కూర్చుంటే ఇవాళ కూడా ఆ మాటే ముందుగా వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పట్లో ఆ కోపమంతా మా అన్న మీద. ఇప్పుడు ఆయన మీద లేదు.

మాది మర్రిగూడ దిక్కు ఒక చిన్న ఊరు. గొర్లు కాసుకుని బతికే ఇల్లు మాది. కొంత చెలక కూడా ఉండేది, జొన్న, ఆముదాలు వేసేవాళ్ళం. బాపు ఉన్నన్నాళ్ళు మందా చేనూ ఒకటిగానే నడిచాయి. ఆయన పోయిన తర్వాత, నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళు గడిచాక, అన్నా నేనూ పంచుకున్నాం. గొర్ల వెంట తిరగడం నాకు చేతకాదు కాబట్టి మంద ఆయన తీసుకున్నాడు. చేను నేను తీసుకున్నాను. చేను వెనక గుట్ట పాదం దగ్గర ఒక పరుపుబండ ఉంది. ఎక్కడా అతుకు లేకుండా, పరుపు పరిచినట్టు ఏటవాలుగా పైకి పోతుంది. చేనుతోపాటు అదీ నా వంతులో పడింది. నాకు కావాలని నేను అడగలేదు, వద్దని ఆయన అనలేదు. గడ్డిపోచ మొలవని చోటు కోసం ఎవరు కొట్లాడతారు?

కాని ఆ బండ పైభాగంలో దోన ఉంది. బండలోనే సహజంగా తొలిచినట్టున్న లోతైన గుంట. వానాకాలంలో బండ మీద పడ్డ నీళ్ళన్నీ జారి అందులో నిండేవి. ఉగాది దాటి, చెరువులు నెర్రెలిచ్చిన రోజుల్లో కూడా దాంట్లో నీళ్ళుండేవి. మా తాతల నాటి నుంచి మంద ఎండాకాలం గడిచేది ఆ నీళ్ళతోనే. పంచుకున్న నాడు దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. గాలి ఎవరి వంతు అని ఎవరైనా అడుగుతారా? అట్లాగే అది కూడా.

బావులు లేవా అని అడగొచ్చు. ఉన్నాయి. మా బావి నీళ్ళలో పప్పు ఉడకదు. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ మోకాళ్ళు నలభై ఏళ్ళకే వంగిపోతాయి. గొర్రెకు అంతకంటే ముందే చేటు. ఎండాకాలమంతా బావి నీళ్ళు తాగితే పళ్ళు పసుపెక్కి, అరిగిపోయి, గడ్డి కొరకలేక నిలబడిపోతుంది. వాన నీళ్ళే, కాని బండ పైన నిలిస్తే ఒక తీరు, బండ లోపల ఏళ్ళ తరబడి నానితే ఇంకో తీరు. ఇది మా ఊళ్ళో చిన్న పిల్లకు కూడా తెలుసు. నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మా ఇద్దరి మధ్య చెడింది మంద దగ్గర. కోతలు అయిపోయాక రైతులు తమ చేలల్లో మందను పండబెట్టించుకుంటారు. రాత్రంతా గొర్లు పడుకుంటే ఆ పెంట, ఆ ఉచ్చ భూమిలో దిగి, పై ఏడు జొన్న నిలువెత్తు వస్తుంది. కాపరికి గింజలు కొలిచి ఇస్తారు. పంచుకున్న తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం, మంద ముందుగా నా చేనుకే వస్తుందని నేను అనుకున్నాను. అన్న దాన్ని ఊరి పెద్దరైతు చెలకలోకి తోలుకుపోయాడు. అక్కడయ్యాక ఇంకొకరి దగ్గరికి. నా వంతు వచ్చేసరికి తొలకరి పడింది, నాగలి కట్టాలి. ఒక మూలన మాత్రం పండింది మంద. నలుగురిలో నిలదీశాను. ఆయన కట్టె మీద గడ్డం ఆనించుకుని నవ్వాడు.

“నీ చేను యాడికి పోతది తమ్మీ. ఆయన గింజలిస్తడు. నువ్వు తిట్లిస్తవు. గొర్లకు ఏది వెట్టాలె?”

అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. ఇప్పుడైతే నేను కూడా నవ్వేవాణ్నేమో. ఆనాడు ఆ నవ్వును ఇంటిదాకా మోసుకుపోయాను. అదే వానాకాలంలో ఆయన గొర్లు కొన్ని నా జొన్న మొలకల్లో పడ్డాయి. నేను గొర్లను రాళ్ళతో కొట్టాను. ఆ సాయంత్రమే నిర్ణయం చేసుకున్నాను, చేను చుట్టూ రాతిగోడ పెట్టాలని. కంప కాదు, మట్టి కాదు. నిలువు బండలు పాతి, మా అన్న గొర్రె మూతి కూడా దూరకుండా కట్టాలి. రాయి కొనాల్సిన పని లేదు. వెనకే బండ ఉంది, నాది.

చలి తగ్గుతున్నప్పుడు వడ్డెరవాళ్ళను పిలిపించాను. మేస్త్రి నకిరేకల్ దిక్కు నుంచి వచ్చినవాడు, మాటకారి. బండ కాల్చడం వాళ్ళ పని. బండ మీద తుమ్మ మొద్దులు వరసగా పేర్చి నిప్పు పెడతారు. పైపొర వేడికి ఉబ్బుతుంది. అడుగున ఉన్న రాయి చల్లగా బిగుసుకునే ఉంటుంది. ఒకటి సాగాలని చూస్తుంది, ఇంకొకటి కదలదు. ఆ గుంజులాటలో బెత్తెడు మందాన పొర విడిపోయి లేస్తుంది. మంటను మెల్లమెల్లగా ముందుకు జరుపుతూ పోతే ఆ విడుపు కూడా అడుగున మంట వెంటే నడుస్తుంది. తర్వాత సుత్తెతో కొట్టి చూస్తారు. విడిపోయిన మేర డొల్లగా మోగుతుంది, విడిపోనిచోట గట్టిగా టంగుమంటుంది. మోత మారిన దగ్గర గీత గీసి, ఉలులు దింపి, పలకలుగా చీలుస్తారు.

పని మొదలుపెట్టిన నాడు అన్న వచ్చాడు. బండ కింది కొస దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. కింద కాల్చుకోండి, దోన దిక్కు పోవద్దు అని మేస్త్రితో చెప్పాడు. నాతో చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను. మేస్త్రి నా ముఖం చూశాడు. బండ నాది అన్నాను. అన్న గొంగడి భుజం మీద సర్దుకుని వెళ్ళిపోయాడు.

కింది భాగంలో వచ్చిన పలకలతో అన్న దొడ్డి వైపున్న గట్టంతా మూసుకుపోయింది. నిజానికి గొర్లు వచ్చే దారి అదొక్కటే. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. మేస్త్రి కూడా ఆపుదామనే అన్నాడు. పైకి పోయినకొద్దీ మోత ఎటు నడుస్తోందో తనకు అంతు చిక్కడం లేదన్నాడు. అయితే పెద్ద భయం కూడా చెప్పలేదు. దోన చాలా ఎత్తున ఉంది, మంట అక్కడిదాకా ఎందుకు పోతుంది అని ఆయనే మళ్ళీ సర్ది చెప్పాడు. నేను తుమ్మ మొద్దులు ఇంకో ఎడ్లబండి నిండా తెప్పించాను. వడ్డెరవాళ్ళు పేరుస్తుంటే చాలదని నా చేత్తో ఇంకా వేశాను. చేను నాలుగు దిక్కులా గోడ కావాలి నాకు. ఎందుకని అడిగితే చెప్పేవాణ్ని కాదు. ఊరంతా చూడాలని.

మధ్యాహ్నం వేళ బండ లోపల పెద్ద చప్పుడు అయింది. అంతకుముందు రోజుల్లో వచ్చినటువంటి చిటపట కాదు. కాళ్ళ కింద ఏదో బరువు దింపినట్టు అదిరింది. మంట ముందర బండ కొద్దిగా ఉబ్బి, మధ్యలో వెంట్రుకంత గీత పడింది. కూలీలు సంబరంతో కేకలు పెట్టారు, నేనూ పెట్టాను. మేస్త్రి సుత్తె తీసుకుని కొట్టుకుంటూ పైకి నడిచాడు. డొల్లమోత. ఇంకా నడిచాడు. ఇంకా డొల్లమోతే. మంట ఆగినచోటు దాటిపోయాడు, మోత మారలేదు. దోన అంచు దగ్గర ఆగి ఒక దెబ్బ కొట్టి, సుత్తె దించి, కిందనున్న నా వైపు చూశాడు.

తర్వాతి రోజుల్లో నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ బండ వట్టిగా పడి ఉన్న రాయి కాదు. ఎన్నో ఏళ్ళ బిగువును లోపల పట్టుకుని ఉన్నది. మంట దానికి దారి చూపించింది, అంతే. దారి దొరికాక బిగువు తనంతట తాను పరుగెత్తింది, మంట లేని చోటికి కూడా. నాలాగే.

తెల్లవారి దోన దగ్గరికి పోయి చూశాను. నీళ్ళున్నాయి. కాని అంచున తడి గీత ఒకటి, నీళ్ళకంటే పైన. ఆ మరునాడు ఆ గీతకూ నీళ్ళకూ మధ్య దూరం పెరిగింది. అప్పుడే అన్న దగ్గరికి పోయి చెప్పి ఉంటే, ఉన్న నీళ్ళనైనా తోడి కుండలకెత్తేవాళ్ళం, మందను ముందే తోలుకొచ్చి తాపేవాళ్ళం, రేగడి మట్టి తెచ్చి అడుగున మెత్తేవాళ్ళం. ఏదో ఒకటి చేసేవాళ్ళం. నేను చెప్పలేదు. ఎండలకు ఇంకిందనుకుంటారులే అనుకున్నాను. అంతే కాదు, ఆ వారంలో నా బావి గోడలో ఎప్పుడూ లేనిచోట చెమ్మ కనిపించింది. నీళ్ళు కొంచెం పైకొచ్చాయి. నేను సంతోషపడ్డాను. నా బండలోంచి నా బావిలోకి వస్తే నావే కదా అనుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కాని అనుకున్నది అదే. ఈ ముక్క దాచి తక్కినదంతా చెబితే నేను చెప్పింది ఏమీ లేనట్టే.

ఉగాది పోయాక మంద వచ్చింది. గొర్లకు దారి తెలుసు. గోడ పక్కనుంచి బండ ఎక్కి, నీళ్ళ వాసన కోసం ముక్కులెత్తి పరుగెత్తాయి. నేను గట్టు మీదనుంచి చూస్తున్నాను. ముందు నడిచే ముసలి గొర్రె గుంటలోకి దిగి రాయిని నాకింది. వెనక వచ్చినవి దాని మీద పడి తోసుకున్నాయి. అన్న వాటిని అదిలించలేదు. కాసేపు ఆ గుంటలోకి చూసి, కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు.

“దోన ఏమాయె తమ్మీ?”

“ఎండలు గట్ల గొడుతున్నయి.”

“ఎండల సంగతి నాకు తెల్వదా. బాపు పుట్టకముందు సుత ఎండలున్నయి. దోన ఎన్నడు ఎండలే.”

“బండ నాది.”

“బండ నీదేరా. నేనడిగిన్నా బండ? నీళ్ళేం జేసినవ్?”

ఆయన నా బావి దిక్కు చూశాడు. నీళ్ళు చాలక ఆ రోజుల్లో ఎండి ఉండాల్సిన మోట తాడు తడిగా ఉంది. ఏమనుకున్నాడో నాకు తెలియదు. గొర్లను మలుపుకుని వెళ్ళిపోయాడు.

పంచాయితీ పెట్టించింది ఆయన కాదు, నేను. ఊళ్ళో గుసగుసలు భరించలేక కులపెద్దలను కూర్చోబెట్టాను. పెద్దలు ఇద్దరి మాటా విన్నారు. బండ తమ్ముని వంతు, కాల్చుకుంటాడో పగలగొట్టుకుంటాడో అతని ఇష్టం అన్నారు. నీళ్ళు పైనుంచి పడేవి, వాటికి వంతు లేదు, పోతే పోయాయి అన్నారు. నేను లేచి, అన్న మంద నా బావిలో నీళ్ళు తాగొచ్చు, నాకేం అభ్యంతరం లేదన్నాను. మంచివాడివి అన్నారు నన్ను. అట్లా మెచ్చుకున్నవాళ్ళ ఒక్కొక్క ముఖమూ నాకు గుర్తుంది. వాళ్ళందరికీ ఆ నీళ్ళు ఎట్లాంటివో తెలుసు. ఒక్కడైనా నా చెంప పగలగొట్టి ఉంటే! వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కాని నన్ను గెలిపించమని వాళ్ళను పిలిచింది నేనే.

అన్న అంతా విని ఒక్కటే అడిగాడు. “ఆ నీళ్ళతోని గొర్ల పండ్లు పోతయని మా తమ్మునికి తెల్వదా? అడుగుండ్రి.”

ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలం పెద్దవాన పడ్డ రోజున బండ ఎక్కాను. నీళ్ళు మునుపటిలాగానే పైనుంచి జారుతూ వచ్చాయి. దోన దాకా వచ్చి, గుంటలో సుడి తిరిగి, పక్క గోడలో గీత ఉన్నచోట లోపలికి పోతున్నాయి. నిండడం లేదు. బోర్లా పడుకుని చెవి ఆనించాను. బండ లోపల నీళ్ళు పోతున్న చప్పుడు. మెత్తగా, తొందర లేకుండా, ఎవరింట్లోనో గిన్నెలోంచి గిన్నెలోకి వంచుతున్నట్టు. చెమ్మ చేరని ఆ రాయిలో ఇప్పుడు దారులు పడ్డాయి. ఆ దారుల్లో దిగి నా బావి నిండింది. వానాకాలంలో, చేనంతా బురదగా ఉండి చుక్క నీరు కూడా అక్కరలేని రోజుల్లో నిండింది. ఎండాకాలం వచ్చేసరికి అవి ఇంకా కిందికి, ఎక్కడికో పోయాయి. బావి మునుపెంతో మళ్ళీ అంతే. దోన దాచిపెట్టిన నీళ్ళు మందకు దక్కలేదు, నాకూ రాలేదు. నేను దొంగతనం కూడా సరిగ్గా చేయలేకపోయాను.

చలికాలంలో మేస్త్రిని మళ్ళీ పిలిపించాను. సున్నం దంచి, బెల్లం నీళ్ళు కలిపి, కనిపించిన గీతంతా పూడ్పించాను. అది ఆరాక కడవలతో నీళ్ళు పోసి చూశాం. వేరేచోట నుంచి పోయాయి. అక్కడా పూడ్చాం. కొన్నాళ్ళకు పూడ్చిందంతా పెచ్చులుగా లేచింది. పొర ఒకసారి విడిపోయిన తర్వాత పగటి ఎండకు లేస్తుంది, రాత్రి చలికి కుంగుతుంది, సున్నం ఎట్లా ఆగుతుంది అన్నాడు మేస్త్రి. ఆ సంగతి ముందు ఎందుకు చెప్పలేదని ఆయన మీద అరిచాను. నా వల్ల కాదు, నీ వల్లే పోయింది దోన అన్నాను. ఆయన చేతిలో ఉన్న తాపీని కింద పడేశాడు.

“మోత మంచిగ లేదని నేను జెప్తె కట్టెలేసిందెవలు పటేలా? నా చెయ్యా, నీ చెయ్యా?”

కూలి కూడా తీసుకోకుండా పోయాడు.

అన్న కొన్ని ఎండాకాలాలు మందను ఎట్లానో గడిపాడు. పక్క ఊళ్ళ కుంటల దాకా తోలుకుపోయేవాడు. తప్పనిరోజు ఊరి బావి దగ్గర తాపేవాడు, నా బావి దగ్గర కాదు. గొర్ల పళ్ళు పాడవడం మొదలైంది. కరువు వచ్చిన ఏడు దేవరకొండ దాటి కృష్ణానది దిక్కు వలసపోయాడు. దోన ఉన్న కాలంలో మా ఇంటి మంద ఏ కరువులోనూ ఊరు దాటలేదు. వానలు పడ్డాక తిరిగొచ్చాడు. గట్టు మీదనుంచి చూశాను. వెనక దుమ్ము లేవలేదు. నాలుగైదు గొర్లు, ఆయన, కుక్క. దారిలో కొన్ని పడిపోయాయట, ఇంకొన్ని అడిగినవాడికల్లా ఇచ్చేశాడట. వదిన చెప్పింది మా ఇంటామెతో. ఆయన నాతో మాట్లాడడం అప్పటికే మానేశాడు. ఆ నాలుగైదు కూడా ఆ ఏడే పోయాయి. తర్వాత మేకలు పెట్టాడు, కొన్నే.

నా గోడ మాత్రం చెక్కుచెదరలేదు. అంగడికి పోయే వాళ్ళు ఆగి చూసి మెచ్చుకునేవాళ్ళు. ఏ గొర్లు రాకుండా కట్టానో ఆ గొర్లు లేవు. మంద పండని చేను ఏడాదికేడాది సత్తువ లేక తేలిపోయింది. జొన్న మోకాలెత్తున వెన్ను వేసింది. ఒకరోజు ఆ గోడను చూస్తుంటే నాకు ఎంత కోపం వచ్చిందంటే, గడ్డపార తెచ్చి అన్న ఇంటి దిక్కు ఉన్న పలకలను పెకలించడం మొదలుపెట్టాను. లోతుగా పాతించాను కదా, ఊడిరాలేదు. చేతులు బొబ్బలెక్కాయి. నా భార్య వచ్చి చూసి, ఇంకో గడ్డపార తెచ్చి అవతలి వైపు నుంచి తవ్వింది. తవ్వుతూ తవ్వుతూ అన్నది, “కట్టిన్నాడు గింత కష్టపడలే నువ్వు.”

ఆ పలకలతో పరుపుబండ కింది కొసన ఒక తొట్టి కట్టించాను. బండ మీద ఇప్పటికీ కొంత నీరు పగుళ్ళలోకి దిగకుండా పైపైన జారి వస్తుంది. అది అందులో పడుతుంది. అడుగుకూ పక్కలకూ సున్నం గట్టిగా పట్టింది, ఎందుకంటే ఆ పలకలకు కింద బండ లేదు, అవి ఎటూ గుంజుకోవు. చుక్క కూడా కారదు. కాని దోన దోనే. ఈ తొట్టి నీళ్ళు చలి పోయేసరికి అయిపోతాయి. ఎండాకాలం దాకా నిలవవు. నేను చేయగలిగింది చలికాలం దాకానే.

తొట్టి కట్టిన సంగతి అన్నకు చెప్పడానికి వాళ్ళింటికి పోయాను. వాకిట్లో కూర్చుని గొంగడికి కుట్లు వేస్తున్నాడు. నేను తప్పు చేశానని అన్నాను. నీళ్ళు తగ్గుతున్నాయని నాకు ముందే తెలుసని, చెప్పలేదని అన్నాను. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. లేచి కట్టెతో కొడితే కూడా తల వంచేవాణ్ని. ఆయన దారం నోటితో తెంపి అన్నాడు.

“నాకు ఆనాడే తెలుసురా. నీ మోట తాడు జూసిన్నాడే.”

మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు. వదిన నీళ్ళ చెంబు తెచ్చి నా ముందు పెట్టి లోపలికి పోయింది. అవి బావి నీళ్ళే. తాగాను.

ఇప్పుడు ఆయన మేకలు పలకలు తీసిన సందులోంచి నా చేలోకి వస్తాయి. వాటికి మా మాటలు తెలియవు. తొట్టి దగ్గరికి నేరుగా పోయి తాగుతాయి. ఆయన మాత్రం లోపల అడుగు పెట్టడు. గోడ అవతలే, చేనుకు వీపు పెట్టి, గుట్ట దిక్కు చూస్తూ నిలబడతాడు. మేకలను పిలవడు, తోలడు. ఇంత దూరంలో మోట దగ్గర నేను నిలబడి ఉంటాను. అవి తాగి బయటికి వచ్చాక, వాటి అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే నడిచిపోతాడు.